విస్కీ కాఫీలో నా వెన్నముద్ద

“మీగడ కొన్నవా? పైసలు పెట్టి మీగడ కొనుక్కొచ్చినవా?”

“మీగడ గాదు నానమ్మా, క్రీము.”

“పాల మీద తేలేదాన్ని ఏమంటరు?”

“మీగడ.”

“మరి ఈ డబ్బల ఉన్నదేంది? బాయిలకెల్లి తోడిన్రా?”

“అది గూడ పాలదే. గని వేరే.”

“ఏం వేరే? ఫ్రిజ్జుల తొమ్మిది దినాల మీగడ పెట్టుకొని బజార్ల మీగడ కొన్న ఇల్లు ఈ గల్లీల మనదొక్కటే ఉంటది!”

“నానమ్మా, నీకు దండం పెడ్త. ఇయ్యాల ఒక్కరోజు లొల్లి పెట్టకు. నా నౌకరి ముచ్చట ఇది.”

క్రిస్మస్ రోజు, చర్చి నుంచి వచ్చి చెప్పులైనా విడవకముందే నాకూ నా మనవరాలు ప్రిసిల్లాకూ జరిగిన గొడవ ఇది. ఈ గొడవలో చివరికి నేనే గెలిచాను. నేను గెలవడం వల్లే ఆ రోజు మా ఇంటి పరువు కాఫీ గ్లాసులో పడి మునిగింది. ఎలా మునిగిందో చెబుతాను. మీ చేతిలో కాఫీ ఉంటే ముందు తాగేయండి. ఇది విన్నాక తాగబుద్ధి కాదు.

ఐదేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు అరవై నాలుగే. వయసు అలాంటిది కదా, ఎవరేం చెప్పినా చెవికి ఎక్కేది కాదు.

ప్రిసిల్లా నా కొడుకు కూతురు. పాతబస్తీలో యాకుత్‌పురా స్టేషన్ వెనకాల మా ఇంట్లో నా దగ్గరే ఉండి, కొత్త ఊరి వైపు ఒక పెద్ద హోటల్లో పని నేర్చుకుంటూ ఉండేది. పానీయాలు కలిపే విభాగమని చెప్పింది. పానీయాలంటే నిమ్మరసం, సుగంధిపాల షర్బత్ అనుకుని ఆరు నెలలు చర్చిలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. అసలు సంగతి క్రిస్మస్ వారంలో బయటపడింది. కొత్త సంవత్సరం పార్టీకి పని నేర్చుకునేవాళ్ళు తలా ఒక కొత్త పానీయం తయారు చేయాలట. ఎవరిది హోటలు జాబితాలోకి ఎక్కితే వాళ్ళ ఉద్యోగం పర్మినెంట్. మా పిల్ల తయారు చేసింది విస్కీ కలిపిన కాఫీ.

ఐర్లాండ్ అని ఒక చలిదేశం ఉందట. అక్కడివాళ్ళు వేడి కాఫీలో చక్కెర, విస్కీ పోసి, పైన చిక్కటి మీగడ తేల్చి తాగుతారట. మా పిల్ల చక్కెర తీసేసి బెల్లం వేసింది. అదే దాని కొత్తదనం. రుచి చూసి తేల్చాల్సింది వాళ్ళ మేడం. ఆమెది గోవా. పండక్కి ఊరికి పోయే వీలు దొరకలేదని ప్రిసిల్లా మా ఇంటికి భోజనానికి పిలిచింది. భోజనం తర్వాత కాఫీ. కాఫీ తర్వాత తీర్పు. ఇదీ ఏర్పాటు.

నేను కొన్ని షరతులు పెట్టాను.

“విస్కీ సీస నా గడప దాటొద్దు.”

“మరి ఎట్ల కలపాలె నానమ్మా?”

“వరండల కలుపుకో. వరండ ఇల్లు గాదు.”

మా ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. పేపరు చాటు నుంచి తల ఎత్తకుండా అన్నాడు: “వరండ ఇల్లు గాకుంటె, ముప్పై ఏండ్ల సంది నన్ను ఇంటి బయట పండబెడ్తున్నవన్నట్టే గద కరుణమ్మా.”

ఆయన మాటలకు నేను జవాబు చెప్పను. పెళ్ళయిన కొత్తలో చెప్పి అలసిపోయాను.

సీసా వరండాలో స్టూలు మీద కూర్చుంది. వంటింటి కిటికీ వరండాలోకే తెరుచుకుంటుంది కాబట్టి, కాఫీ లోపల కాచి కిటికీలోంచి అందిస్తే పాపం బయటే ఉండిపోతుంది, పుణ్యం లోపలే ఉంటుంది. ఇంత తెలివైన ఏర్పాటు చేసినదాన్ని, ఆ తర్వాత చేసిన పని చూడండి.

పన్నెండున్నరకు మేడం ఫోన్ చేసింది. కారువాడు మా గల్లీలోకి రానంటున్నాడట. ప్రిసిల్లా చున్నీ సర్దుకుంటూ బయలుదేరింది.

“నానమ్మా, మేడంను తోలుకొస్త. ఒక్క పని చెయ్యి. ఫ్రిజ్జుల డబ్బలున్నయి గద, ఒకటి గిన్నెల పోసి జర గిలకొట్టు. దోసెపిండి తీరుగ జారుగ అయినంక ఆపెయ్యి. గంతకంటె ఎక్కువ కొట్టకు.”

“నాకు నేర్పుతున్నవా?”

“లేదు. బతిమాలుకుంటున్న.”

పిల్ల గేటు దాటగానే ఫ్రిజ్జు తెరిచాను. డబ్బా చేతిలోకి తీసుకుని ధర చూశాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్నే గానీ ధర చదవడంలో నాకు సాటి ఎవరూ లేరు. చదవగానే కళ్ళు తిరిగాయి. ఆ ధరకు ఒక చిన్న బర్రెదూడ రాదూ? సరే, దూడ రాదు. కానీ అలాగే అనిపించింది. రెండు డబ్బాలనూ కింది అరలో గోంగూర కట్టల కింద దాచేశాను, మర్నాడు దుకాణంలో వాపసు ఇచ్చేద్దామని. నా మీగడ గిన్నె పైకి తీశాను.

ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు, వంటింటి మొహం చూడని మగవాళ్ళ కోసం చెబుతున్నాను. కాచిన పాల మీది మీగడ రోజూ తీసి ఒక గిన్నెలో వేస్తాం. తోడుకోవడానికి చెంచాడు పెరుగు కలుపుతాం. ఎనిమిది, తొమ్మిది రోజులయ్యాక చిలికి వెన్న తీస్తాం. కాబట్టి నా మీగడకు కొంచెం పులుపు వాసన ఉన్న మాట నిజమే. కాఫీ చేదులో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

కవ్వం తీసుకుని గిలకొట్టడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలకు గరిటె నుంచి చక్కగా జారింది. అచ్చం దోసెపిండి. ఆపమన్నది అక్కడే. నేనూ ఆపుదామనే అనుకున్నాను, ఒట్టు. కానీ నలభై ఏళ్ళుగా కవ్వం తిప్పిన చెయ్యి నా మాట వినదే! మీగడను ఇంతదాకా తెచ్చి వెన్న రాకుండా వదలడమంటే, చీరను సగం ఉతికి సబ్బు నురగతోనే ఆరేసినట్టు. ఇంకొక్కసారి తిప్పాను. ఇంకొక్కసారి. గిన్నెలో చప్పుడు మారింది. మీకు తెలుసా ఆ చప్పుడు? ముందు మెత్తగా ఉండి, ఉన్నట్టుండి పలచన నీళ్ళ చప్పుడవుతుంది. నాకు ఆ చప్పుడు వింటే లాటరీ తగిలినంత సంతోషం. చల్లటి నీళ్ళు పోశాను. వెన్నంతా చేతిలోకి చేర్చాను. రెండుసార్లు కడిగాను. ముద్ద చేశాను. మజ్జిగలో ఉప్పేసి మా ఆయన కోసం మూత పెట్టాను. చెయ్యి తుడుచుకుంటూ, తొమ్మిది రోజుల మీగడకు ఎంత బాగా వచ్చిందీ అని ముద్దను చూసి మురిసిపోయాను.

అప్పుడు గుర్తొచ్చింది.

అప్పుడే గేటు చప్పుడైంది కూడా.

భోజనాలు ఎలా జరిగాయో నాకు సరిగా గుర్తు లేదు. బగారన్నం, కోడికూర మేడం ఇష్టంగా తిన్నది. నేను మాత్రం వెన్నముద్దను ఎలా మీగడ చేయాలా అని ఆలోచిస్తూ ఒకే ప్లేటుకు మూడుసార్లు వడ్డించాను. ఆమెకు తెలుగు కొంచెమే వచ్చు, వద్దు అనే మాట ఇంకా నేర్చుకోలేదు పాపం.

తిన్నాక అందరూ వరండాలోకి చేరారు. నేను డికాషన్, బెల్లం కలిపి గాజు గ్లాసులో పోసి కిటికీలోంచి ఇచ్చాను. ప్రిసిల్లా విస్కీ పోసి కలిపింది.

“నానమ్మా, క్రీము గిన్నె ఇటు ఇయ్యి.”

“గ్లాసే ఇటియ్యి. నేనేస్త.”

“గిన్నె ఇయ్యి, నేనేసుకుంట.”

“పండుగపూట పెద్దదాన్ని, నా చేత్తోని ఏయనియ్యవా?”

మేడం ముందు గొడవెందుకని పిల్ల గ్లాసు ఇచ్చింది. నేను నిమ్మకాయంత వెన్న తీసి, వేళ్ళతో గుండ్రంగా నొక్కి, మెల్లగా కాఫీ మీద వదిలాను. తేలింది! ఏమాటకామాటే చెప్పాలి, తేలడం మాత్రం చక్కగా తేలింది. పిల్ల చేతికి ఇస్తే చూస్తుందని, కిటికీలోంచి చెయ్యి చాపి గ్లాసును నేరుగా మేడం చేతికే అందించాను.

ఆమె గ్లాసులోకి చూసింది. ముద్ద చెరువులో తాబేలులా ఒక పక్కకు ఒరిగి మెల్లగా తిరుగుతోంది. వేడికి కరిగి దాని చుట్టూ నూనె చుక్కలు తేలుతున్నాయి.

మేడం మర్యాద తెలిసిన మనిషి. అదే ఆమె కొంప ముంచింది. ఒక గుక్క తాగింది. పై పెదవి దీపం పెట్టినట్టు మెరిసింది.

“అమ్మా… ఈ క్రీం… కొంచెం పులుపు?”

“ఇంటిది బిడ్డా. తొమ్మిది దినాలది.”

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషం అనుకున్నాను.

మా ఆయన మెడ చాచి గ్లాసులోకి చూశాడు. “కరుణమ్మా, వెన్న దీసినట్టున్నవ్. మజ్జిగ ఉన్నయా? మేడంకు ఇయ్యరాదు?”

ప్రిసిల్లా గ్లాసు కేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. అరిస్తే నాకు సగం తేలికయ్యేది.

మేడం గ్లాసు స్టూలు మీద పెట్టబోయింది. పెట్టనిచ్చి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ సగం వదిలేసిన గ్లాసు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పైగా అందులో ఉన్నది నా వెన్న.

“గట్ల ఇడిసిపెడ్తరా బిడ్డా? అంత వెన్న పారబోస్తరా? తాగు తాగు, సల్లారితె గడ్డకడ్తది.”

కిటికీ ఊచలు పట్టుకుని చివరి చుక్క దాకా తాగించాను. గ్లాసు గోడలకు అంటినదానికి చెంచా కూడా ఇచ్చాను.

ప్రిసిల్లా వంటింట్లోకి వచ్చింది.

“నానమ్మా, డబ్బలెక్కడున్నయి?”

“ఏ డబ్బలు?”

“నానమ్మా.”

“గోంగూర కింద.”

ఒక డబ్బా తీసి స్టీలు బాక్సులో పోసి, మూత బిగించి, చేత్తో పట్టుకుని ఊపింది. పదిహేను, ఇరవై ఊపులంతే. ఆపేసింది! అంత సులభంగా ఎలా ఆపగలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కొత్త గ్లాసులో కాఫీ పోసుకుని వరండాలోకి పోయి, విస్కీ కలిపి, చెంచా వీపు మీదుగా క్రీము జార్చింది. నల్లటి కాఫీ మీద తెల్లటి పొర, ఇస్త్రీ చేసిన పంచె అంచులా నిలిచింది.

మేడం తాగింది. ఏమైనా అందామని నోరు తెరిచిందేమో, చిన్న తేన్పు వచ్చింది. “రేపు చెప్తా ప్రిసిల్లా,” అని పొట్ట మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయింది.

ఆమెను కారు ఎక్కించి వచ్చి మనవరాలు నా ఎదురుగా నిలబడింది.

“ఆర్నెల్ల సంది చేతులు కాల్చుకున్న నానమ్మా, ఈ ఒక్క గ్లాసు కోసం. పోనీ, ఇంకొక డబ్బ మిగిలింది. రేపు దుకాణంల వాపస్ ఇచ్చుకో.”

నేను ఎవరి మాటా పడే రకం కాదు. ఆ రోజు పడ్డాను. మా ఆయన కూడా నోరు మూసుకుని మజ్జిగ తాగాడు, అదీ చప్పుడు చేయకుండా.

మర్నాడు ఆరున్నరకు ఫోన్ మోగింది. ప్రిసిల్లా జడ వేసుకుంటూ స్పీకర్ పెట్టింది. మేడం గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

“ప్రిసిల్లా, నేను డ్యూటీకి రాలేను. పొట్ట… బాత్రూం నుంచి బయటికి రాలేకపోతున్నా.”

“సారీ మేడం…”

“విను. లిస్ట్ పదింటికి ప్రింట్‌కి పోవాలి. నువ్వు వెళ్ళు, నా కుర్చీలో కూర్చో, నువ్వే రాయి. నీ బెల్లం కాఫీ పైన పెట్టు. రెండోది. మొదటిది కాదు.”

“మరి నా పర్మినెంట్ కాగితం, మేడం?”

“నేను లేచి నిలబడ్డ రోజు సంతకం చేస్తా.”

ఫోన్ పెట్టేశాక ఇంట్లో ఎవరం నవ్వలేదు. నవ్వొచ్చో లేదో తెలియలేదు. నేను బైబిలు మీద చెయ్యి వేసి, మా ఆయన సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ ఇంకొకరి కాఫీ మీద మీగడ తేల్చను, ఆపమన్నచోట ఆపలేని ఈ చేతికి కవ్వం ఇచ్చే ముందు ఇంట్లో ఇద్దరి అనుమతి తీసుకుంటాను, ఎవరైనా గ్లాసు కింద పెడితే, అందులో బంగారం ఉన్నా సరే, మొహం తిప్పుకుంటాను. తర్వాత మేడం కడుపు కుదుటపడటానికి గుప్పెడు వాము వేసి కషాయం కాచి, ఒక సీసాలో పోసి ప్రిసిల్లా చేతికిచ్చాను, మొత్తం తాగించమని చెప్పి.

పిల్ల సరేనని తీసుకుంది. గేటు దాకా పోయి, సీసాను పిట్టగోడ మీద పెట్టి, వెనక్కి చూడకుండా షేర్ ఆటో ఎక్కింది.