చార్లటన్‌కు ఒక మనిషి

మా ఇంట్లో అందరం అంగడివాళ్లమే. ఊరికే ఇచ్చేవాణ్ణి నమ్మడం మాకు చేతకాదు. మేం మామిడిపండు ముక్క కోసి చేతిలో పెట్టామంటే, బుట్ట అంటగట్టబోతున్నామని అర్థం.

కాలేజీ ఎంట్రన్స్‌కు ముందురోజు, చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సులో ఇంగ్లిషు మాటలు బట్టీ పడుతున్నాను. ఒక్కటీ నిలవడం లేదు. పక్కసీటాయన పుస్తకంలోకి తొంగిచూశాడు.

"అట్ల కాదప్పా. ఒక్కో మాటా ఒక్కో మనిషికి తగిలించు. గ్యారలస్ అంటే వసపిట్ట. ఈ బస్సులో ఎవురు?"

"కండక్టరు," అన్నాను, సంచి ఒళ్లోకి లాక్కుంటూ. కోచింగ్ సెంటర్ ఏజెంటే, ఇప్పుడు కరపత్రం తీస్తాడనుకున్నాను.

చంద్రగిరి దాకా మాటలకు మనుషుల్ని వెతికించాడు. కరపత్రం మాత్రం రాలేదు.

"మీరేం అమ్ముతారు సార్?" ఉండబట్టలేక అడిగేశాను.

"నేనా? దిగేదాకా పొద్దుపోవాల గదప్పా!" నవ్వుతూ లేచాడు. "చార్లటన్ అంటే మాయమాటల మోసగాడు. దానికి ఎవుర్ని పెట్టుకున్నావు?"

"ఎవురూ దొరకలే సార్," అన్నాను. ఆయన్నే పెట్టుకున్నాను.

మర్నాడు పరీక్షలో ఆ మాటే వచ్చింది. ఆయన ముఖం కనబడింది, సరైన జవాబు పెట్టేశాను.

ఇప్పటికీ ఆ మాట చదివితే ఆయనే నవ్వుతాడు. మా అంగళ్ల వీధిలో అర్హులు బోలెడుమంది. నాతో సహా ఎవరిని పెట్టి చూసినా అతకడం లేదు.