సీసాలోకి కారిన బ్రేక్ ఆయిల్

పోయిన మా ఆయన పాత కారుకి పెద్ద ఇంజిన్ బిగించి తయారుచేసుకున్న హాట్ రాడ్, కెనడాలోని కిచెనర్ ఊళ్ళో మా ఇంటి గరాజ్‌లోనే ఉంది. బ్రేక్ ఆయిల్ లీకవుతోంది. మా బేస్‌మెంట్‌లో ఉండే స్టూడెంట్ సందీప్ బాగుచేస్తానన్నాడు. నమ్మకం లేక ఎదురుగా కూచున్నాను.

"పోలీసులా చూడకండాంటీ, కారెక్కి బ్రేక్ తొక్కి పట్టుకోండి," అన్నాడు. ఆ ఆయిల్ వాసనకి బాబాయి గుర్తొచ్చాడు.

నాకప్పుడు ఏడేళ్ళు. పొద్దున నాన్నతో గొడవపడ్డ బాబాయి, మధ్యాహ్నం నాన్న జీపు కింద దూరాడు. "బ్రేక్ తొక్కవే," అన్నాడు నాతో. నేను తొక్కినప్పుడల్లా చక్రం దగ్గర నట్టు వదులుచేసి, ఆయిల్ సీసాలోకి కార్చేస్తున్నాడు. నాన్నని చంపడానికేననుకున్నాను.

పరిగెత్తుకెళ్ళి, "జీపెక్కొద్దు నాన్నా! బాబాయి బ్రేకులు తీసేశాడు," అని ఏడ్చాను.

అది విన్న బాబాయి మొహం మాడిపోయింది. తనొక్కడే జీపెక్కి వాలు రోడ్డులోకి పోనిచ్చాడు. దొరికిపోయి నాటకమాడుతున్నాడనుకున్నాను. తిరిగొచ్చాక కూడా నాన్న వెనకే దాక్కున్నాను.

లీకు ఆపాక బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలి పోవాలంటే ఆయిల్ అలా కార్చాలట. సందీప్ చెబితే ఇప్పుడు తెలిసింది. బాబాయి పోయి ఎన్నేళ్ళో.

"ముందు నేనొక్కణ్ణే రౌండ్ కొట్టొస్తానాంటీ. తర్వాత మీరెక్కండి," అన్నాడు సందీప్.

వాడు తిరిగొచ్చేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను.