పేరయ్య చేతి పండు

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఎండ లేదు గాని మబ్బు కింద ఉక్క ప్రాణం తీస్తోంది. పొద్దున అడిక్‌మెట్‌లో తాగిన చాయ్ తప్ప కడుపులో ఏమీ లేదు. సద్దిగిన్నె ఇంట్లోనే మరిచిపోయి పనికి వచ్చాను. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ వెనుక గడ్డి కోస్తుంటే కళ్ళు తిరిగాయి. కానుగ చెట్టు కింద కూలబడ్డాను.

పక్కన కూర్చున్న మనిషి పేరు పేరయ్య. మా గడ్డి బ్యాచీలో చేరి ఆరోజుకి మూడో రోజు. నల్లగా, సన్నగా ఉంటాడు. నా వయసే, యాభై ఉంటాయి. నా ముఖం చూసి సంచిలో చెయ్యి పెట్టి ఒక జామపండు తీశాడు. కత్తి లేదు, చేత్తోనే రెండు చేశాడు. పెద్ద సగం నాకు ఇచ్చాడు.

"తిను రాములన్నా. మొఖం వాడిపోయింది."

తిన్నాను. నా జన్మలో అంత మంచి జామపండు తినలేదు. గింజ కూడా మెత్తగా ఉంది.

"ఏడ కొన్నవ్?" అన్నాను.

"తార్నాకల. బస్టాపు కాడ ముసలవ్వ కూసుంటది జూడు, లింగమ్మ. ఆమె గంపల."

లింగమ్మ గంప నాకు కొత్త కాదు. పన్నెండేళ్ళుగా ఆ గంపలోనే కొంటున్నాను. ఒక్కసారి కూడా ఇలాంటి పండు నా చేతికి రాలేదు. హైదరాబాద్ వచ్చి మూడు రోజులు కాలేదు, వీడికి ఎట్లా దొరికింది? ఆకలికి నా సగం మొత్తం తిన్నాను. ఆ మాట మాత్రం అరగలేదు.

నేను పండ్లు కొనేది నా ఇంటి కోసం ఒక్కటే కాదు. ఆ హాస్టల్లో శనివారం ఉపవాసం ఉండే అమ్మాయిలు అరవై మంది దాకా ఉంటారు. వాళ్ళకి ఆ సాయంత్రం మెస్సులో పండ్లు పెడతారు. మెస్సు చూసే శారద మేడం డబ్బులు ఇస్తే, నేను రెండు సంచులు పట్టుకొని తార్నాక వెళ్ళి తెచ్చేవాణ్ణి. మేడంది కర్నూలు వైపు. తిట్టినా మెత్తగానే తిడుతుంది.

"ఏమప్పా రాములూ, మళ్ళీ సొట్ట బొప్పాయేనా? పిల్లోళ్ళు సగం పారేస్తాండారు."

"పైకి మంచిగనే ఉండె మేడం."

"పైన తినేదానికి కొంటామా అప్పా?"

తిట్టినా మళ్ళీ శనివారం నన్నే పంపేది. దాని వెనుక నాకొక ఆశ ఉంది. మెస్సు స్టోరులో ఉండే ముసలాయన దసరాకి పని మానేస్తున్నాడు. ఆ జాగాలో మా బ్యాచీ నుంచి ఒకరిని పెడతారని మేస్త్రీ పరుశురాం చెప్పాడు. కూరగాయలు, పండ్లు చూసి తీసుకోవాలి, లెక్క పెట్టి లోపల పెట్టాలి. కూర్చోడానికి స్టూలు ఉంటుంది. మీద ఫ్యాను ఉంటుంది. పక్కనే చిన్న రూము కూడా ఉంది. ఇరవై రెండేళ్ళు ఎండలో గడ్డి కోసిన మోకాళ్ళు నావి. ఆ స్టూలు నాదేనని అనుకున్నాను. నా కన్నా పాతవాడు బ్యాచీలో ఇంకెవరున్నారు?

ఆ శనివారం సంచులు మోయడానికి తోడుగా పేరయ్యని తీసుకెళ్ళడం నేను చేసిన మొదటి తప్పు.

మెట్రో పిల్లర్ల కింద బండ్లన్నీ నిండుగా ఉన్నాయి. నేను ఎప్పటిలాగే పెద్దవి, మెరిసేవి చూసి, బొటనవేలితో నొక్కి నొక్కి ఏరుతున్నాను. గడ్డి మిషన్‌లో పడి నా కుడి బొటనవేలు కొస పక్కకి వంగిపోయింది. అయినా నొక్కడానికి అదే వేలు ముందుకు వస్తుంది. పేరయ్య చేతులు వెనక్కి కట్టుకొని బండి చుట్టూ తిరుగుతున్నాడు. బొప్పాయిల ముందు నిలబడి వంగి వాసన చూశాడు. దేన్నీ ముట్టలేదు.

బండి నాగేష్ నవ్వాడు. "ఏం కాకా, పిల్లను చూడనీకె వచ్చినవా? కొనవా ఏంది?"

"పిల్లనైతే నచ్చకుంటే లేసిపోతం. పండు కొన్నంక నువ్వు వాపస్ తీసుకుంటవా?"

"అరే, కోసి చూపిస్త గదనే!"

"కోసి చూపిస్తె అందరికీ తెలుస్తది. కోయకముందు తెలువాలె." ఒక బొప్పాయి వైపు చెయ్యి చూపించాడు. కాడ చుట్టూ పసుపు తిరిగి, ఒక పక్క ఇంకా పచ్చగా, ఒంటి మీద గీతలతో ఉంది. నేనైతే దాన్ని చూసేవాణ్ణే కాదు. "గది ఇయ్యి."

నాగేష్ దాన్ని సగం కోసి మా ముందే పెట్టాడు. నిప్పులా ఎర్రగా ఉంది. పక్క బండివాళ్ళు కూడా తొంగి చూశారు.

దారిలో అంతా చెప్పుకుంటూ వచ్చాడు. దాచుకోలేదు. నల్లగొండ దిక్కు బత్తాయి తోటలకి ముప్పై ఏళ్ళు కావలి ఉన్నాడట. నీళ్ళు లేక తోటలు కొట్టేస్తే ఇటు వచ్చాడు. భార్య ఊళ్ళోనే ఉంది. ఇక్కడ మా పనిముట్ల షెడ్డులోనే పడుకుంటున్నాడు.

"దానిమ్మ గుండ్రంగ నున్నగ ఉంటె గింజ నిండలేదన్నట్టు. పక్కలు మూలలు దేలాలె. అరటిపండు పసుపు చూసి మోసపోకు, కాడ జూడు. పండు పసుపుండి కాడ ఆకుపచ్చగ ఉన్నదంటె మందు కొట్టిండ్రు. ఇగ అన్నా, ఏమనుకోకు, పండును నొక్కకు."

"నొక్కకుంటె ఎట్ల తెలుస్తది?"

"నువ్వు నొక్కి ఇడిసిపెడితివి. నీ ఎనక వచ్చినోడు ఏం తినాలె? పచ్చిగున్నప్పుడు నొక్కితె ఆడ ఇంక పండదు, గడ్డ కడతది. తోటల ఎవడన్న నొక్కితె మా సేటు చెయ్యి మీద కొట్టేటోడు."

ఆ సాయంత్రం మెస్సులో ఒక్క ముక్క కూడా మిగలలేదు. శారద మేడం వంటింట్లో నుంచి బయటికి వచ్చి మరీ అడిగింది. "ఈ పొద్దు పండ్లు ఎవరు ఏరినారప్పా?"

నేను నోరు తెరవకముందే పరుశురాం చెప్పేశాడు.

ఆ తర్వాత రెండు నెలలు నాకు నరకం. శనివారం పేరయ్యే వెళ్ళేవాడు, నేను సంచి మోసేవాణ్ణి. హాస్టల్ అమ్మాయిలు "పేరయ్య తాతా" అని పిలిచి, తమ రూముకి కూడా దానిమ్మలు తెమ్మని డబ్బులు ఇచ్చేవాళ్ళు. నన్ను పన్నెండేళ్ళలో ఒక్క అమ్మాయి కూడా పేరు పెట్టి పిలవలేదు. లింగమ్మ అయితే గంప దించగానే "పేరయ్య రానీ, ఆగు" అని నన్ను ఆపేది.

నేనూ నేర్చుకోకపోలేదు. అతను చెప్పింది చెప్పినట్టు చేశాను. మూలలున్న దానిమ్మ కొంటే లోపల నల్లగా ఉండేది. కాడ చూసి అరటిపండ్లు కొంటే మరునాటికి మెత్తబడేవి. అతను చెప్పే మాటలన్నీ నాకు వచ్చాయి, అతని చెయ్యి రాలేదు. మాట దాచుకున్నా ఇంత కుళ్ళు పుట్టేది కాదేమో. అన్నీ చెప్పాడు, అయినా నాకు రాలేదు. అదే మండేది.

ఒకసారి నా భార్య అమృతమ్మకి జ్వరం వచ్చి తగ్గింది. బత్తాయి రసం తాగమన్నారు. డజను కొనుక్కొని వెళ్ళాను. ఒకటి కోసి పిండింది. నాలుగు చుక్కలు రాలాయి.

"గిదేందయ్యా, తోలు గింత మందమున్నది? గీ పండు పిండుడు కంటె నీ చెమట పిండుకుంటె నయం."

"పెద్దగున్నయని తెచ్చిన."

"పెద్దగుంటె అయితదా? రేపు పేరయ్యన్నను అడుగు. ఆయన తెచ్చిన బత్తాయి ఒక్కటి పిండితె గ్లాసు నిండుతదట, లలిత చెప్పింది."

లలిత అంటే మా పక్కింటామె. అడిక్‌మెట్ గల్లీలోకి కూడా వచ్చేసింది వాడి పేరు. ఆ రాత్రి నేను అన్నం సగంలో లేచాను.

మరునాడు అడిగాను. అడగక తప్పలేదు. పేరయ్య సంతోషంగా తార్నాక వెళ్ళి ఆరు బత్తాయిలు తెచ్చాడు. చిన్నవి, తోలు పలచన, చేతిలో పెడితే బరువు. అమృతమ్మ రెండు పిండి, గ్లాసు ఎత్తి నాకు చూపించింది.

సెప్టెంబరు చివర్లో సీతాఫలాలు దిగాయి. ఒక బుధవారం శారద మేడం మా ఇద్దరినీ పిలిచింది.

"ఈ శనివారం వార్డెనమ్మ మెస్సుకు వస్తాది. సీతాఫలాలు పెట్టల్ల. పేరయ్యా, నువ్వే తెచ్చి మాగబెట్టు. ఆమె చేతికే ఇస్తా, తిని చూస్తాది. స్టోరుకు నిన్నే పెట్టమని అడుగుదామనుకుంటాండా."

తర్వాత నా వైపు చూసింది. "నువ్వు ఏమనుకోవద్దప్పా రాములూ. పని అట్లాంటిది."

"ఏమనుకుంట మేడం," అన్నాను.

బయటికి రాగానే పేరయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, స్టోరు పక్కన రూమున్నది గదా? మా ఇంటామెను తెచ్చుకుంట. ఆమె ఒక్కతె ఉండవట్టి రెండు నెలలాయె."

నేను తల ఊపాను. నా మోకాళ్ళు గుర్తుకొచ్చాయి. ఆ ఫ్యాను గుర్తుకొచ్చింది. పన్నెండేళ్ళ శనివారాలు గుర్తుకొచ్చాయి.

ఆ సాయంత్రమే లింగమ్మ దగ్గర ఎనభై కాయలు కొని తెచ్చాడు. ఇంకా పచ్చివి, కళ్ళు మాత్రం విచ్చుకొని ఉన్నాయి. షెడ్డులో ఎండుగడ్డి పరిచి, కాయకీ కాయకీ తగలకుండా పేర్చి, మీద గడ్డి కప్పి గోనె వేశాడు. శనివారం పొద్దుటికి పండుతాయన్నాడు.

గురువారం మధ్యాహ్నం అందరూ కానుగ చెట్టు కింద అన్నాలు తింటున్నారు. నేను కొడవలి మరిచిపోయానని చెప్పి షెడ్డుకి వెళ్ళాను. గోనె తీశాను. ఒక కాయ చేతిలోకి తీసుకున్నాను. చూద్దామనే తీశాను. వేలు దానంతటదే దిగింది. గట్టిగా నొక్కాను, మళ్ళీ పెట్టాను. ఇంకొకటి తీశాను. తర్వాత ఇంకొకటి. ఎన్ని నొక్కానో లెక్క పెట్టలేదు, వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాను. గడ్డి ఎప్పటిలాగే కప్పి, కొడవలి పట్టుకొని వచ్చి అన్నం తిన్నాను. ఆరోజు అన్నం మొత్తం తిన్నాను.

శనివారం సాయంత్రం వార్డెనమ్మ జ్యోతిర్మయి మేడం వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఆ పొద్దున మేం గడ్డి కోస్తుంటే పండినవి మెస్సువాళ్ళే షెడ్డు నుంచి ఏరి తీసుకెళ్ళారు, పేరయ్య చూడలేదు. శారద మేడం పళ్ళెం ముందు పెట్టింది. పైకి బాగానే కనిపించాయి. వార్డెనమ్మ పండు విప్పింది. ఒక పక్క వెన్నలా ఉంది. ఇంకో పక్క గోధుమ రంగు గడ్డ. గింజ కూడా ఊడి రాలేదు.

ఇంకొకటి విప్పింది. అదే.

వెనుక బల్ల మీద నుంచి నవత అనే అమ్మాయి అరిచింది. "మేడం, ఇది రాయి లెక్క ఉంది! పన్ను కదిలింది నాకు."

అమ్మాయిలు నవ్వారు. శారద మేడం ముఖం ఎర్రబడింది. "ఏమప్పా పేరయ్యా, నిన్ను నమ్మి పిలిస్తే ఇదా చేసేది? నా పరువు తీస్తివి కదా!"

పేరయ్య ముందుకు వచ్చి ఒక పండు తీసుకున్నాడు. తిప్పి చూశాడు. తోలు మీద గుంట ఉంది, లోతుగా, ఒక పక్కకి వాలి. ఇంకొకటి చూశాడు. అదే వాలు. మూడోది చూశాక తల ఎత్తి నా చేతి వైపు చూశాడు. నేను బొటనవేలు తువ్వాలలో చుట్టుకున్నాను. అది చూశాక కళ్ళు దించుకున్నాడు.

ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను.

"తప్పయింది మేడం," అన్నాడు. అంతే.

పళ్ళేల్లో మిగిలిన పండ్లలో పాడైనవన్నీ ఒక్కొక్కటే తన సంచిలో వేసుకున్నాడు. బాగున్నవి బల్ల మీదే వదిలాడు. నొక్కినవి ఏరి తీసుకోడానికి అతనికి ఒక్కసారి చూస్తే చాలింది.

ఆదివారం సెలవు. ఇంట్లో అమృతమ్మ "ఏందయ్యా, గట్లున్నవ్?" అని రెండుసార్లు అడిగింది. కాళ్ళ నొప్పులన్నాను.

సోమవారం పొద్దున పనికి వచ్చేసరికి పేరయ్య లేడు. షెడ్డులో అతని దుప్పటి లేదు. కొడవలి కడిగి, తుడిచి గోడకి ఆనించి ఉంది. గేటు దగ్గర ఉండే భానుప్రకాశ్‌ని అడిగాను.

"తెల్లారంగనె పోయిండు. పని కార్డు వాపస్ నా చేతుల పెట్టిండు. సంచి బరువున్నది, ఏందే కాకా గదంతా అని అడిగిన. రోడ్డు దాటి తార్నాక దిక్కు నడుసుకుంట పోయిండు. ఏమన్న గొడవైందా?"

"నాకేం తెలుసు," అన్నాను.

పది గంటలకి శారద మేడం పిలిచింది. ఒకటో తారీఖు నుంచి స్టోరులో నన్నే కూర్చోమంది. పొడిగా అంది, నవ్వలేదు. సరే మేడం అన్నాను.

మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళి గోనె తీశాను. గడ్డి కింద తొమ్మిది సీతాఫలాలు ఉన్నాయి. శనివారానికి పండనివి, నా వేలు తగలనివి. ఇప్పుడు పండాయి. అతను పోయే ముందు ఒకదానికొకటి తగలకుండా మళ్ళీ సర్ది పెట్టాడు. ఆకలిగా ఉంది. ఒకటి తీసి చేత్తోనే రెండు చేశాను. పాల మీగడలా విడిపోయింది. నిలబడే తిన్నాను, గింజలు షెడ్డులోనే ఊశాను. ఇంకొకటి తిన్నాను. శనివారం నుంచి స్టోరు పండ్లు నేనే ఏరాలి. నా చేతికి ఇలాంటి పండు ఎన్నడూ రాదు. మనిషి వెళ్ళిపోయాడు, అయినా వాడి మీద కుళ్ళు నాలో అట్లాగే ఉంది.