గొర్రెల కాన్పులు చేసే చేయి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది చలికాలంలో నన్ను శామీర్‌పేట పశువైద్యశాలకు బదిలీ చేశారు. నా హోదా పశువైద్య సహాయకుడు. డాక్టరు మేడం చెప్పిన మందులివ్వడం, టీకాలు వేయడం, పరీక్షలకు నమూనాలు తీయడం నా పని. నా చదువు ఇంటర్‌తో ఆగింది. మిగిలినదంతా మేడ్చల్ గ్రంథాలయంలో సెలవు రోజుల్లో కూర్చుని సంపాదించుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు.

చేరిన కొద్ది రోజులకే, తుర్కపల్లి దాటాక ఉన్న ఒక ఊరి నుంచి మల్లేశ్ అనే గొర్రెల కాపరి ఫోన్ చేశాడు. అతని మందలో గొర్రెలు ఈసుకుపోతున్నాయి, అంటే నెలలు నిండకముందే పిల్లలను పడేస్తున్నాయి. మేడమూ నేనూ వెళ్లేసరికి దొడ్డిలో అతని భార్య సుజాత మోకాళ్ల మీద కూర్చుని, వట్టి చేత్తో గొర్రె కడుపులోంచి చచ్చిన పిల్లను తీస్తోంది. ఆమె చేయి సన్నం. కాన్పు కష్టమైతే ఆ ఇంట్లో ఆమెనే పిలుస్తారు. వెంట వచ్చిన మాయను ఆమె అత్త పోచవ్వ గోడవతలికి విసిరింది. దాణాకు ఎలుకలు పట్టకుండా పెంచుకుంటున్న పిల్లి దాన్ని లాక్కుపోయింది.

సుజాతకు అప్పుడు మూడో నెల. అంతకుముందు రెండు గర్భాలు నిలవలేదు.

నేను చదివింది వెంటనే గుర్తుకొచ్చింది. టాక్సోప్లాస్మా అనే కంటికి కనిపించని పరాన్నజీవి పిల్లి మలం నుంచి దాణాలోకి, దాణా నుంచి గొర్రెల్లోకి చేరుతుంది. చూలు గొర్రెలు ఈసుకుపోతాయి. ఆ పిల్లనూ మాయనూ వట్టి చేతులతో ముట్టుకున్న మనిషికీ సోకవచ్చు. గర్భిణికి మొదటిసారి సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం. మేడంతో చెప్పాను. కారణాలు వేరేవీ ఉంటాయి, బ్రూసెల్లా అనే మరో సూక్ష్మజీవి ఉందేమో కూడా చూడాలన్నారు. మాయ ముక్కలు, గొర్రెల రక్తం ఐసు పెట్టెలో పెట్టి ల్యాబుకు పంపాం. పడిపోయిన పిల్లలను సున్నం వేసి పూడ్చాలని, దాణాకు మూత పెట్టాలని, సుజాత దొడ్డిలోకి రాకూడదని చెప్పాం.

"గొర్లకు సూదులేసేటోనివి, ఆడోళ్ల కడుపు ముచ్చట నీకేంది సారూ?" అంది పోచవ్వ. "మందల ఇంక ఈనేటియి మస్తున్నయి. నా కొడుకు మల్లిగాని చెయ్యి సూసినవా? రోకలి లెక్కుంటది. వాడు చెయ్యి పెడితె గొర్రె సస్తది."

గొర్రెల్లో టాక్సోప్లాస్మా ఉందని, బ్రూసెల్లా లేదని రిపోర్టు వచ్చింది. సుజాత పోగొట్టుకున్న గర్భాలకూ ఇదే కారణమని నేను మనసులో తీర్మానించుకున్నాను. మేడం ప్రభుత్వాసుపత్రికి ఫోన్ చేసి సుజాతకు రక్తపరీక్ష చేయించారు. ఆమెకు ఆ జబ్బు ఇప్పుడు లేదు, ఇంతకుముందు సోకిన గుర్తులూ లేవు.

"సూసినవా, నీ పుస్తకం ఉత్తదే," అంది పోచవ్వ. "ఇగ రేపటి సంది కోడలు దొడ్డిలకొస్తది."

ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది వేరు. గర్భానికి ముందే సోకి ఉంటే ఒంట్లో చాలావరకు రక్షణ ఉండేది. సోకలేదంటే ఆ రక్షణ లేదు. పాత గర్భాలు పోవడానికి ఇది కారణం కాదనే అనుకోవాలి. ఈ గర్భానికి మాత్రం ఆ దొడ్డి ప్రమాదమే. మరునాడు పొద్దున్నే రబ్బరు చేతి తొడుగులు పట్టుకుని మళ్లీ వెళ్లాను.

"పారుడు రోగానికి టీకా ఎయ్యని గొర్రెను, రోగమున్న మందల కలుపుతవా అవ్వా?" అని అడిగాను.

"ఎట్ల కలుపుత?"

"నీ కోడలు గిప్పుడు గా గొర్రె లెక్కనే."

గుమ్మంలో నిలబడి వింటున్న సుజాత అంది: "గొర్రెనన్నా మంచిదే సారూ. గొర్రెను సూసుకున్నట్టు సూసుకుంటె సాలు."

పోచవ్వ చేతి గాజులు ఒక్కొక్కటే తీసి కోడలి ఒళ్లో వేసింది. "నా చెయ్యి గూడ సన్నదే. నాకిగ కడుపా, కాన్పా? గా తొడుగులు ఇటియ్యి."

ఆ చలికాలమంతా భుజం దాకా వచ్చే తొడుగులు వేసుకుని కాన్పులు ఆమే చేసింది. మొదటి రెండు నేను దగ్గరుండి చేయించాను.

సుజాతకు నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. దొడ్డికి దూరంగా ఉంచినందువల్లనే అని నేననలేను. మొదటి రెండు గర్భాలు ఎందుకు పోయాయో ఇప్పటికీ తెలియదు. మందలోని రోగాన్ని మనిషికి ముడిపెట్టేముందు ఆ మనిషి రక్తం చూడాలని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. ఆ రక్తంలో ఏమీ లేదని తేలినప్పుడే ఇంకా జాగ్రత్తగా ఉండాలని కూడా.