గిజిగాళ్లు సగమే కట్టిన గూళ్లు

మా చిన్నప్పుడు... పర్చూరు వైపు మా పత్తి చేలో, బావి మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాడి గూళ్లు వేలాడేవి. వానలు మొదలైతే మగపిట్టల తలలు పసుపు పూసినట్టయ్యేవి. ఆడవి మాత్రం ఎప్పుడూ మట్టిరంగే.

"గూడు కట్టేది మగపిట్టేనే బుజ్జీ. సగం కట్టి ఆడదాన్ని పిలుస్తుంది. ఆవిడగారు వచ్చి, చూసి, నచ్చితేనే మిగతా సగం..." అని అమ్మ నవ్వుతూ చెప్పేది.

ఒక ఏడు పత్తికి విపరీతంగా పురుగు పట్టింది. నాన్న మందు మీద మందు కొట్టాడు. అప్పటికి గూళ్లలో పిల్లలున్నాయి... వాటి కోసం తల్లులు ఆ చేలోనే పురుగులు ఏరుకునేవి. ఒకరోజు పొద్దున గట్టు మీద పిట్టలు చచ్చిపడి ఉన్నాయి. ఒక్కదానికీ పసుపు తల లేదు... అన్నీ ఆడవే!

మా అమ్మ రోజూ కలుపు తీసేది కూడా ఆ చేలోనే...

"అమ్మా, నువ్వు వెళ్లొద్దే" అని కొంగు పట్టుకుని ఏడ్చాను.

"నేనూ పిట్టా ఒకటేనటే, పిచ్చిమొహమా! వదులు, పొద్దెక్కుతోంది" అని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే అమ్మ చేలో కూలబడింది. వాంతులు, ఒళ్లంతా చెమటలు... నాన్న ఆటోలో వేసుకుని పట్నానికి, బ్రాడీపేటలో ఏదో ఆసుపత్రికి పరుగెత్తాడు. నన్ను పక్కింటి ఫాతిమా పెద్దమ్మ దగ్గర వదిలారు. "మీ అమ్మకేం కాదమ్మా, ఒక్క ముద్ద తిను" అని ఆమె బతిమాలుతున్నా, నా కళ్ల ముందు గట్టు మీది పిట్టలే...

అమ్మ బతికింది. ఇంటికొచ్చాక నాన్న ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "ఇంక మందు కొట్టిన చేలో నువ్వు అడుగుపెట్టొద్దు" అన్నాడంతే.

మరుసటి వానలకు మగపిట్టలు పోటీపడి గూళ్లు మొదలుపెట్టాయి. సగం గూళ్లకు వేలాడుతూ, రెక్కలు అల్లార్చి పిలిచాయి. ఒకటో రెండో తప్ప ఆడవి రాలేదు. పిలిచి పిలిచి, కట్టినదాన్ని అవే పీకేసుకునేవి. ఆ అరుపులు వినగానే పరుగున ఇంటికొచ్చి, అమ్మ ఉందో లేదో చూసుకునేదాన్ని.

కొన్నేళ్లకు ఆడవి పెరిగాయి. మళ్లీ ఒక ఏడు తగ్గాయి. అదెందుకో మాకెవరికీ తెలియలేదు. మొన్న వానల్లో చేనికి వెళ్తే చెట్టు మీద ఎటు చూసినా పసుపు తలలే... మట్టిరంగు పిట్ట కోసం మెడలు నొప్పెట్టేదాకా వెతికాను.

పిట్టల గోల అంటే ఒకప్పుడు సందడి. ఇప్పుడు వింటే భయమేస్తోంది... మీ వైపు గూళ్లు పూర్తవుతున్నాయా? చూసినవాళ్లు ఒక్క మాట చెప్పరూ...