కాలికి కట్టిన బీపీ పట్టీ

మాది ఆంధ్రా సరిహద్దున ఉన్న కోదాడ. నర్సింగ్ సూర్యాపేటలో చదివాను. మొదటి ఉద్యోగం మాత్రం మిర్యాలగూడలో, ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో. డాక్టరు గదిలోకి పంపేముందు ఒక్కొక్కరి నాడి, బీపీ చూసి చీటీ మీద రాయడం నా పని. "కూర్చోండి, కాసేపు మాట్లాడకండి" అని నేనంటే పెద్దవూర వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు నవ్వేవాళ్లు, సిస్టరు ఆంధ్రావాళ్ల లెక్క మాట్లాడుతదని.

ఒక ఎండాకాలం పొద్దున లంబాడీ తండా నుంచి ముసలి ఆలుమగలు వచ్చారు. ఆమెకు కొన్నాళ్లుగా తలనొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయట. చెయ్యి చాపమన్నాను. మణికట్టు నుంచి మోచేతి దాకా, మోచేతి పైనుంచి భుజం దాకా తెల్లటి గాజులు. పట్టీ కట్టడానికి చోటే లేదు.

"పైవి తియ్యాలమ్మా," అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కన నిలబడ్డ భర్త వాళ్ల భాషలో ఏదో నచ్చజెప్పాడు. ఆమె నాకూ అర్థం కావాలనేమో, తెలుగులోనే జవాబిచ్చింది.

"నువ్వు బతికుండంగ ఎట్ల తీస్త?"

వెనక వరస పెరుగుతోంది. నాకు విసుగొచ్చింది. అయితే చెయ్యి వీలుకాకపోతే కాలికి చూడొచ్చని చదువుకునేటప్పుడు మా మేడం చేసి చూపించింది. ఆమెను మంచం మీద పడుకోబెట్టి చీలమండ పైన పట్టీ చుట్టబోయాను. చటుక్కున కాలు వెనక్కి లాక్కుంది.

"మట్టి కాళ్లు బిడ్డా. నువ్వెట్ల పట్టుకుంటవ్?"

"నాకలవాటేనమ్మా."

వినలేదు. బయట నల్లా దగ్గర కాళ్లు కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. నడిచొచ్చిన మనిషికి వెంటనే చూస్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది. అందుకని కొంతసేపు ఊరికే పడుకోమన్నాను.

చీలమండ ఎముక వెనక, లోపలి వైపు వేళ్లు ఆనిస్తే నాడి తగులుతుంది. అది దొరికాక పట్టీలోకి గాలి కొట్టాను. కొట్టుకోవడం ఆగింది. గాలి మెల్లగా వదులుతుంటే వేళ్ల కింద మళ్లీ మొదలైంది. అప్పుడు మీటరులో ముల్లు ఎక్కడుంటే అది బీపీ పై అంకె. కింది అంకె ఇలా తెలియదు. వచ్చింది చాలా ఎక్కువ. నమ్మకం కుదరక రెండో కాలికీ చూశాను. అదే.

కాలికి చూశానని డాక్టరుకు చెప్పాను. "కాలికి మామూలుగానే జర ఎక్కువొస్తది. అది తీసేసినా ఇది ఎక్కువే," అని ఆమెను సాయంత్రం దాకా ఉంచి మందులిచ్చారు. ఇంటికి బయల్దేరేసరికి తలనొప్పి తగ్గింది.

తర్వాత నెలనెలా వచ్చేవాళ్లు. ఆమె రాగానే కాళ్లు కడుక్కుని తనే మంచమెక్కేది. ఒకసారి అలా పడుకునే, "ఈయనకు గూడ సూడరాదు," అంది. ఆయన నవ్వాడు. తనకు జరమన్నా రాదన్నాడు. ఆయన చేతికి పట్టీ కట్టడం చిటికెలో అయిపోయింది. బీపీ మాత్రం బాగా పెరిగి ఉంది.

"మంచిగనే ఉన్న గద, నాకేమైంది? పొలం పని జేస్తున్న," అన్నాడు. డాక్టరు చెప్పినా గోలీలు వద్దన్నాడు. ఆమె మంచం దిగి వచ్చి ఆయన ముందు రెండు చేతులూ చాపింది.

"ఇవి ఉండాల్నా, వద్దా? ఉండాలంటే గోలీ ఏస్కో."

ఆయన చీటీ అందుకుని మందుల షాపుకు నడిచాడు.

అప్పటినుంచి ఇద్దరికీ చూసేదాన్ని. మొదట్లో గోలీ మర్చిపోయానని ఆయన అనేవాడు. "మర్సిపోలే, పారేసిండు," అని ఆమె సరిదిద్దేది. తర్వాత ఆమె పారేయనిచ్చేది కాదనుకుంటా, మెల్లగా ఆయన బీపీ దిగింది.

ఇప్పుడు నేను సూర్యాపేటలో పనిచేస్తున్నాను. మిర్యాలగూడలో నా స్థానంలో చేరిన అమ్మాయి మొన్న ఫోనులో మాట్లాడింది. ఇద్దరూ ఇంకా వస్తున్నారట. ఆమె తన బీపీ ఎంతో అడగదట, ముందు ఆయనది చెప్పమంటుందట.