నిద్రపట్టే బండి

ఎలోయ్ బండి ఎక్కినవాళ్ళకి నిద్ర పట్టేది. పరాయి దేశంలో నేను స్థిరపడ్డ మార్జెరీద్ పీఠభూమి మీద, మా ఊళ్ళో ఆ ఏడు ఆకులు రాలే కాలమంతా ఇదే కబురు. "ఎక్కి కూర్చుంటే చాలు, ఉయ్యాల్లో వేసి ఊపినట్టే" అనేది కాఫీ కొట్టు పోలెట్. "దిగేసరికి బుగ్గలు చూడాలి, పెళ్ళికూతురి బుగ్గల్లా!" అనేవాడు రొట్టెలాయన. మెచ్చుకోలుగా అన్న ఆ మాటలు ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ముందు ఎలోయ్ గురించి చెప్పాలి. ఆయన ఇళ్ళకప్పులు వేసే మనిషి. మా వైపు కప్పులంటే పెంకులు కావు, చాపంత పలకరాళ్ళు. ఒక్కోటీ ఇద్దరు ఎత్తాలి. ఎవరింటికి వెళ్ళినా ఎలోయ్ "బాగున్నారా" అనేవాడు కాదు. తిన్నగా కిటికీ దగ్గరికి పోయి అరచెయ్యి చాపి, సందులోంచి గాలి దూరుతోందేమో చూసేవాడు. దూరుతోందంటే ఇంటాయనకి ఆ పూట చివాట్లే. పెళ్ళినాడు కూడా అంతేనని ఆయన భార్య నోయెలీ చెప్పి నవ్వేది: "ఈ పిల్లని చేసుకుంటావా అని ఫాదరీగారు అడిగితే, ఈయన పైకి చూసి, అక్కడో రాయి జరిగిందండీ అన్నాడు."

"జరిగింది మరి!" అనేవాడు ఎలోయ్, ఇప్పటికీ కోపంగా.

ఆయన పట్టుదలని తప్పుపట్టలేం. ఉత్తరాన్నించి వచ్చే గాలికి ఇక్కడివాళ్ళు బ్యుర్ల్ అని పేరు పెట్టుకున్నారు. నేను చాలా దేశాలు తిరిగాను. మనుషులు గాలికి పేరు పెట్టారంటే ప్రేమతోనన్నా పెట్టి ఉండాలి, భయంతోనన్నా పెట్టి ఉండాలి. మనకి పైరగాలి ఉంది, వడగాలీ ఉంది. బ్యుర్ల్ రెండో రకం. నేల మీది మంచుని లేపి మొహాన కొడుతుంది. దారి తప్పినవాడికి తన చెయ్యి తనకి కనపడదు. అలాంటి చోట సందు లేకుండా మూయగలవాడు దేవుడితో సమానం.

ఆ దేవుడు తన ఇంట్లో ఒక్కటి చేయలేకపోయాడు. నోయెలీకి నిద్ర లేదు. ఆమె వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీలు చేసింది, ఉద్యోగం పొడుగునా. ముసలివాళ్ళ మూలుగులు వింటూ, పక్కలు మారుస్తూ, చివరి ఘడియల్లో చేతులు పట్టుకుంటూ. పని మానేశాక నిద్ర తనంతట తనే తిరిగొస్తుందనుకుంది. రాలేదు. మాత్రలు, కషాయాలు, లూర్ద్ మేరీమాత తీర్థం, అన్నీ అయ్యాయి. నేను రైలు పెట్టెల మీద, పడవ తాళ్ళ మీద, ఒకసారి సర్కస్ ఏనుగు పక్కన కూడా పడుకున్నాను. నిద్ర రాకపోవడమంటే ఏమిటో ఆమె కళ్ళు చూశాకే తెలిసింది. అవి అలిసిపోయిన కళ్ళు కావు. కాపలా కాస్తున్న కళ్ళు.

మోకాళ్ళు అరిగి నిచ్చెన ఎక్కలేని స్థితి వచ్చాక ఎలోయ్‌కి పొద్దు గడవలేదు. అప్పుడు బయటపడింది బండి. నోయెలీ తమ్ముడు పోయాక అతని గడ్డికొట్టంలో, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న స్థితిలో. రెండు గుర్రాల బండి అంటారు దాన్ని ఇక్కడ, గుర్రాల్లేని పాత చిన్న కారే. రేకు డొక్కు, గుడ్డ కప్పు, నత్తలాంటి వీపు. ఒకప్పుడు ఫాదరీ, నర్సు, పాలవాడు అందరూ అందులోనే తిరిగేవారు. తలుపుల సందుల్లోంచి ఈలలు వేస్తూ గాలి వచ్చేది. సందుల్లో వార్తాపత్రికలు కుక్కుకుని నడిపేవారు.

ఎలోయ్ దాన్ని కారు అనుకోలేదు, కారుతున్న ఇల్లు అనుకున్నాడు. కుళ్ళిన అడుగురేకు కోసి కొత్తది రివిట్లు కొట్టాడు. కొత్త గుడ్డ కప్పు కుట్టించాడు. తలుపు తలుపుకీ కొత్త రబ్బరు, రబ్బరు వెనక ఉన్ని పట్టీ, దాని వెనక మైనం. ఆపైన నన్ను లోపల కూర్చోబెట్టి చేతికి కొవ్వొత్తి ఇచ్చి, బయటినుంచి కొలిమి తిత్తితో అంచులంట గాలి కొట్టాడు.

"ఊగుతోందా, దేశదిమ్మరీ?"

"లేదు."

"సరిగ్గా చూడు. నీకు దిక్కులు చూడ్డమే గాని దీపం చూడ్డం చేతకాదు."

ఊగలేదు. మంట బొమ్మలా నిలబడింది. ఆ బండి పుట్టిననాడు కూడా అంత బిగువుగా లేదు.

మిగిలింది వేడి. ఈ బండి ఇంజనుకి నీళ్ళుండవు, గాలితోనే చల్లబడుతుంది. అందుకని పొగ పోయే గొట్టాల చుట్టూ ఇనప తొడుగులు బిగిస్తారు. ఫ్యాను గాలి ఆ తొడుగుల్లో దూరి, కాలుతున్న గొట్టాన్ని రాసుకుని వేడెక్కి, కాళ్ళ దగ్గరికి వస్తుంది. అంటే ఒక పక్క ఇంజను విషం, ఇంకో పక్క మనం పీల్చే గాలి, రెంటికీ మధ్య ఒక్క రేకు. ఆ తొడుగుల్నీ గొట్టాల్నీ తమ్ముడు ఎప్పుడో పీకేశాడు, కోళ్ళకి వేడెందుకని. ఎలోయ్ వేరే ఊళ్ళో దురదగొండి పొదల్లో పడి ఉన్న బండినుంచి ఓ జత ఊడదీసుకొచ్చాడు. ఇనప బ్రష్షుతో తుప్పు తోమాడు. గుంటలు పడ్డచోట లప్పం పెట్టాడు, పైన వేడికి తట్టుకునే నల్లరంగు. కొత్తవాటిలా నిగనిగలాడాయి.

"పెద్దాయనా, ఆ పొగ సంగతి తెలిసినవాళ్ళెవరికైనా చూపించావా?" అనడిగింది పోలెట్.

"నాది కప్పు పని. పొగ సంగతి పొయ్యిలవాళ్ళు చూసుకుంటారు" అన్నాడు ఎలోయ్. బతుకంతా చిమ్నీల దగ్గర అదే మాట అనేవాడు, అలవాటు మీద ఇక్కడా అనేశాడు. ఇక్కడ పొయ్యివాడు ఎవరూ లేరు.

మొదటిసారి షికారు వెళ్ళొచ్చిన సాయంత్రం ఎలోయ్ కాఫీ కొట్లోకి వచ్చి నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు.

"పడుకుంది" అన్నాడు.

"ఎవరు?"

"నోయెలీ. సరస్సు దగ్గరికి పోయేలోపే. నోరు తెరుచుకుని, పసిపిల్లలా. లేస్తుందేమోనని బండి ఆపలేదు. చుట్టూ తిప్పుతూనే ఉన్నాను."

కొట్లో అందరం చప్పట్లు కొట్టాం. పోలెట్ జెన్షియన్ వేరు సారా పోసింది.

ఆ తర్వాత రోజూ షికారే. నోయెలీ తనే ముందు కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడేది. బుగ్గలకి రంగొచ్చింది. తలనొప్పి కూడా వచ్చింది, దిగాక వాంతులు కూడా. మలుపుల రోడ్డు కదా అనుకున్నారు. వాసన వస్తోందంటే, కొత్త రంగు, కాలి పోతుంది అన్నాడు ఎలోయ్. ఒకరోజు పోలెట్ కూడా అంది:

"నీ బండెక్కి దిగితే నా తల పగిలిపోయింది, పెద్దాయనా."

"నీ కొట్టు వైను తాగినవాళ్ళ మాటే నువ్వూ అంటున్నావు" అన్నాడు ఎలోయ్. నవ్వాం.

సకల పుణ్యాత్ముల పండగనాడు సమాధుల మీద చామంతులు పెట్టడం ఇక్కడి ఆచారం. నోయెలీ పుట్టినూరు కొండ కనుమకి అవతల. ముగ్గురం బయల్దేరాం. నేను వెనక సీట్లో, చామంతి కుండీల మధ్య. బండి ముక్కుకి ఎలోయ్ చలికాలపు గుడ్డ కట్టాడు, ఇంజను వేడి పోకుండా. కనుమ దగ్గర దుంగల లారీ ఒకటి జారి రోడ్డుకి అడ్డంగా నిలిచింది. ముందు కార్లు, వెనక కార్లు. మంచు మొదలైంది. బ్యుర్ల్ కూడా.

నోయెలీ అప్పటికే నిద్రలో ఉంది. "ఇంజను ఆపితే చలికి లేస్తుంది" అన్నాడు ఎలోయ్. ఆపలేదు.

మధ్యాహ్నమే అయినా అద్దాల బయట తెలుపు తప్ప ఏమీ లేదు. లోపల వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంది. ఎలోయ్ తన మామగారి ఇంటికప్పు గురించి చెబుతున్నాడు. ఏదో రాయి, దాన్ని ఎత్తిన ఇద్దరు. చెప్పి, మళ్ళీ అదే మొదలుపెట్టాడు. మూడోసారి రాయి దగ్గరే ఆగిపోయాడు. కణతల్లో ఎవరో మెల్లగా తలుపు తడుతున్నట్టుంది నాకు. అడగాలనుకున్నాను, ఆ ఇద్దరూ రాయి ఎత్తారా లేదా అని. నోరు తెరవడం చాలా పెద్ద పనిలా తోచింది. చామంతులు ఎంత పచ్చగా ఉన్నాయో అనుకున్నాను. అంతే.

తలుపు బాదుతున్నారు. "ఓ ముసలాయనా! వెనక్కి తియ్యి! మంచు తోసే బండి రావాలి!" ఎలోయ్ పలకలేదు. నుదురు స్టీరింగ్ మీద ఉంది. బయటి మనిషి తిట్టుకుంటూ తలుపు లాగాడు. రబ్బరు పట్టుకుని రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. గాలి లోపలికి దూకింది.

"ఓరి దేవుడా! పొగ మింగారు! ఇటు రండర్రా!"

నన్ను మంచులోకి ఈడ్చారు, ఎలోయ్‌ని ఈడ్చారు. నోయెలీ చాలాసేపు కదల్లేదు. ఎలోయ్ చేతులూ మోకాళ్ళ మీద పాకుతూ ఆమె దగ్గరికి వెళ్ళి, చెంపలు కొడుతూ, బతుకంతా అనని మాటలన్నీ అన్నాడు. ఆఖరికి ఆమె దగ్గింది. కక్కుకుంది. కళ్ళు తెరిచి చుట్టూ చూసింది.

"ఎందుకు లేపారు?" అంది.

ఆసుపత్రిలో ముగ్గురికీ ముక్కు మీద ప్రాణవాయువు మూత పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే ముందు ఆవిడే పోయేదన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక ఎలోయ్ ఆ గొట్టాల జత ఊడదీశాడు. గొట్టం పైకెత్తి పగటి వెలుగుకి పట్టాడు. లప్పం ఎక్కడికక్కడ కాలి రాలిపోయింది. తుప్పు చిల్లుల్లోంచి వెలుగు సన్నగా ఆయన మొహం మీద పడింది. నేనూ ఆయనా వెళ్ళి వాటిని ఒకచోట పారేసి వచ్చాం. తలుపుల రబ్బర్లు తనే కోసేశాడు. కొత్త గొట్టాలు, కొత్త తొడుగులు తెప్పించి, పని తెలిసినవాడి చేత బిగింపించి, రెండుసార్లు పరీక్ష చేయించాడు.

ఇప్పుడు ఆ బండి వెచ్చగానూ ఉంటుంది, ఈలలూ వేస్తుంది. సరస్సు చుట్టూ తిప్పుతాడు. పక్కకి చూస్తాడు.

"పట్టిందా?"

"లేదు."

మళ్ళీ ఇంకో చుట్టు.

మొన్న నోయెలీ మా గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నువ్వూ పడుకున్నావుగా ఆ రోజు. ఎలా ఉండింది?"

"ప్రాణం పోయేది, నోయెలీ."

"అది కాదు నేనడిగింది."

నేను గుమ్మం మీది బురద కాలితో గీకాను.

"ఆ పాత గొట్టాలు ఎక్కడ పారేశారు?"

"నాకు తెలియదు."

"నువ్వూ వెళ్ళావు కదా" అంది. నవ్వింది కూడా, అబద్ధమాడిన పిల్లవాణ్ణి చూసి నవ్వినట్టు. బుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది, ఇంటివైపు కాదు, పొలాలవైపు.

ఎలోయ్‌తో చెప్పాను. ఆయన తిన్నగా పోలెట్ దగ్గరికి వెళ్ళి తాళంకప్ప ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. మా ఊళ్ళో బండి కొట్టానికి తాళం వేసినవాడు ఇంతవరకు లేడు.

"ఏం పెద్దాయనా, ఆ డొక్కుని దొంగలెత్తుకుపోతారనా?"

"దొంగలు కారు."

"మరి?"

కొట్టు కిటికీలోంచి తన ఇంటివైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు గాలి లేదు. చిమ్నీ పొగ కదలకుండా, నిటారుగా పైకి పోతోంది.